దివిసీమ: సముద్రపు వాకిలి నుంచి కాలువ శివారు దాకా

వ్యాససంగ్రహం

కృష్ణానది సముద్రంలో కలిసే చోట రెండు పాయల నడుమ ఏర్పడిన దివిసీమ చరిత్రను సాధారణంగా ఆలయాలు, కవులు, 1977 నాటి ఉప్పెన అనే మూడు అంశాలుగా విడివిడిగా చెబుతుంటారు. నీటి రాకపోకల దృష్టితో చూస్తే ఈ మూడూ ఒకే కథలోని ఘట్టాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ప్రాచీనకాలంలో సముద్రం వైపు తెరుచుకున్న వాకిలిగా ఉన్న ఈ ప్రాంతం, 19వ శతాబ్ది మధ్యలో కృష్ణకు ఆనకట్ట కట్టిన తరువాత కాలువ వ్యవస్థకు శివారుగా మారింది. ఆ మార్పు ఇక్కడి సాగునూ, భూసంబంధాలనూ, నేటి జీవనాన్నీ ఎలా మలచిందో స్థలనామాలు, శాసనాలు, సాహిత్యం, క్షేత్రపర్యటనలో గమనించిన విషయాల ఆధారంగా వివరించటం దీని ఉద్దేశం.

కీలకపదాలు: దివిసీమ, కృష్ణా డెల్టా, ఘంటసాల, స్థలనామాలు, శివారు భూములు, ఉప్పెన, రొయ్యల సాగు.

1. ప్రవేశిక

ఆముక్తమాల్యద అవతారికను పాఠంగా చెప్పే ప్రతి ఏడూ తరగతిలో ఒక సందేహం ఎదురవుతుంది. శ్రీకృష్ణదేవరాయలకు ఆంధ్రమహావిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం చెప్పమన్న శ్రీకాకుళం, ఉత్తరాంధ్రలోని జిల్లాకేంద్రమేనని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. అది కృష్ణాజిల్లా ఘంటసాల మండలంలో, కృష్ణ ఒడ్డున ఉన్న గ్రామమని చెప్పవలసివస్తుంది. ఒక సంవత్సరం ఈ మాట చెప్పినప్పుడు నాగాయలంక వైపు నుంచి వచ్చిన విద్యార్థి ఒకడు లేచి, "అది మాకు పైఊరండీ, కాలువ నీళ్లు మాకంటే ముందు వాళ్లకే వస్తాయి" అన్నాడు. తరగతి నవ్వింది. నాకు మాత్రం ఆ మాట చాలాకాలం గుర్తుండిపోయింది. సాహిత్యచరిత్ర ఒక క్షేత్రంగా, ఒక స్వప్నవృత్తాంతంగా గుర్తుపెట్టుకున్న ఊరిని ఆ అబ్బాయి కాలువ వరుసలో గుర్తుపట్టాడు. ఈ వ్యాసానికి ప్రేరణ ఆ గుర్తింపే.

దివిసీమ అనే పేరుకు రెండు హద్దులున్నాయి. కచ్చితమైన అర్థంలో అది పులిగడ్డ దగ్గర కృష్ణ రెండుగా చీలిన తరువాత, ఆ పాయలకూ బంగాళాఖాతానికీ మధ్య ఉన్న భూభాగం. నేటి అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు మండలాలు ఇందులోకి వస్తాయి. విస్తృతార్థంలో పూర్వపు దివి తాలూకా అంతా దివిసీమే. అప్పుడు చల్లపల్లి, మోపిదేవి, ఘంటసాలలతోపాటు మొవ్వ, కూచిపూడి కూడా దీనిలో చేరుతాయి. 1985లో మండల వ్యవస్థ రావటంతో తాలూకా అనే పరిపాలనా విభాగం పోయింది. 2022లో జిల్లాల పునర్విభజన జరిగినా ఈ ప్రాంతం మచిలీపట్నం కేంద్రంగా ఉన్న కృష్ణాజిల్లాలోనే నిలిచింది. కాగితం మీద లేని 'దివిసీమ' జనవ్యవహారంలో మాత్రం చెక్కుచెదరలేదు. పెళ్లిసంబంధాల దగ్గర, బస్టాండులో, పత్రికల శీర్షికల్లో ఇప్పటికీ అదే పేరు. ఈ వ్యాసంలో నేటి జీవనాన్ని గురించి చెప్పేటప్పుడు మొదటి అర్థాన్నీ, చరిత్రను చెప్పేటప్పుడు రెండవ అర్థాన్నీ గ్రహించాను.

2. ఊళ్ల పేర్లలో నేల

దివి అనే పదం సంస్కృత 'ద్వీప' శబ్దానికి ప్రాకృతం మీదుగా వచ్చిన రూపం. స్వర్గవాచకమైన 'దివి'తో దీనికి సంబంధం లేదు. అయితే స్థానిక రచయితలు ఈ శ్లేషను వదులుకోవటానికి ఇష్టపడరు, 'దివి నుంచి దిగివచ్చిన సీమ' వంటి వర్ణనలు సావనీర్లలో తరచుగా కనిపిస్తాయి. నిరుక్తిగా అంగీకరించలేకపోయినా, తమ నేల మీద అక్కడివారికున్న మమకారానికి అది సాక్ష్యమే.

ఇక్కడి ఊరిపేర్ల ఉత్తరపదాలను ఒక వరుసలో పెడితే డెల్టా నేల స్వరూపం కళ్లకు కడుతుంది. నాగాయలంకలోని లంక నది మేటవేయగా ఏర్పడిన నేల. హంసలదీవిలో దీవి స్పష్టంగానే ఉంది. అవనిగడ్డ, పులిగడ్డలలోని గడ్డ నీటి పక్కన ఎత్తుగా నిలిచిన భూమి. పాలకాయతిప్పలోని తిప్ప ఇసుకమిట్ట. ఏలిచెట్లదిబ్బలో దిబ్బ, సొర్లగొందిలో గొంది, గుల్లలమోదలో గుల్లలు. నీటికి ఒక మూరెడు పైన ఉన్న నేలకు ఇన్ని పేర్లు కావలసివచ్చాయంటే, ఆ మూరెడు ఎత్తు మీదే నివాసం ఆధారపడిందని అర్థం. రాయలసీమ ఊరిపేర్లలో చెరువు, కుంట, బావి వంటి నీటివాచకాలు విరివిగా కనిపిస్తాయి. అక్కడ నీరున్న చోటికి పేరు పెట్టుకున్నారు, ఇక్కడ నీరు లేని చోటికి పెట్టుకున్నారు.

అవనిగడ్డకు అవనిజాపురమనే పూర్వనామాన్ని చెప్పి సీతాదేవితో ముడిపెట్టే కథ ఉంది. హంసలదీవికి, కాకి సంగమంలో మునిగి హంసగా మారిందన్న కథ ఉంది. స్థలపురాణాలుగా వీటి విలువ వీటికి ఉంటుంది. కానీ ఒక విషయం గమనించాలి. పురాణకథలు పూర్వపదాన్నే పట్టుకుంటాయి, అవనిని గురించి, హంసను గురించి చెబుతాయి. గడ్డ గురించీ దీవి గురించీ కథ అక్కరలేదు. అది అందరి కళ్లముందూ ఉన్నదే.

3. వాకిలి

క్రీ.శ. 2వ శతాబ్దికి చెందిన గ్రీకు భూగోళ రచయిత టోలెమీ తూర్పుతీరపు వర్తకకేంద్రాలలో కొంటకొస్సిల అనే రేవును పేర్కొన్నాడు. ఇది శాసనాలలోని కంటకసోల, నేటి ఘంటసాల అని పండితులు నిర్ణయించారు. నాగార్జునకొండలో లభించిన ఇక్ష్వాకుల నాటి ప్రాకృత శాసనాలలో ఒకటి బోధిసిరి అనే ఉపాసిక చేసిన దానధర్మాల పట్టిక. అందులో కంటకసోల మహాచైత్యపు తూర్పుద్వారం దగ్గర ఆమె కట్టించిన శిలామండపం కూడా ఉంది. ఘంటసాలలోనే దొరికిన బ్రాహ్మీ శాసనాలలో శివకుడనే మహానావికుని ప్రస్తావన వస్తుంది. రాజు, మంత్రి, భిక్షువు, గృహపతి అందరూ మన శాసనాలలో తరచుగా కనిపించేవారే. నౌకను నడిపేవాడు తన వృత్తినామంతో శిలకెక్కటం మాత్రం అరుదు. ఆ ఊరు ఏ వైపు చూస్తూ బతికిందో చెప్పటానికి ఈ ఒక్క మాట చాలు.

నేడు ఘంటసాల వెళ్లినవారికి సముద్రం కనిపించదు. స్తూపశిథిలాలు, పురావస్తుశాఖవారి ప్రదర్శనశాల, చుట్టూ వరిపొలాలు ఉంటాయి. నది శతాబ్దాల తరబడి మోసుకొచ్చిన ఒండ్రు తీరాన్ని ముందుకు నెట్టి, రేవును పొలాల మధ్యకు చేర్చింది. ఈ విషయాన్ని చరిత్రగ్రంథాలు ఒక వాక్యంలో దాటేస్తాయి. నిజానికి దివిసీమ చరిత్రలో మొదటి పెద్ద సంఘటన ఇదే. ఏ రాజూ చేయని పని ఇది.

మధ్యయుగాల ఆలయచరిత్ర, సాహిత్యచరిత్ర పాఠకులకు తెలిసినవే కనుక విస్తరించను. శ్రీకాకుళ ఆంధ్రమహావిష్ణువు, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడు, పెదకళ్లేపల్లి నాగేశ్వరుడు, హంసలదీవి వేణుగోపాలుడు ఈ సీమ ప్రసిద్ధదైవాలు. మువ్వగోపాల ముద్రతో పదాలు చెప్పిన క్షేత్రయ్య 17వ శతాబ్దిలో దక్షిణాదికి వెళ్లి తంజావూరు కొలువులో మన్నన పొందాడు. కూచిపూడి భాగవతులు తమ మేళాలతో ఊరూరా తిరిగారు. ఈ ఇద్దరి విషయంలోనూ సామాన్యాంశం ప్రయాణమే. కాసుల పురుషోత్తమకవి మాత్రం ఇక్కడే ఉండి దేవరకోట జమీందారుల ఆశ్రయంలో శతకాలు రచించాడు. ఆయన ఆంధ్రనాయక శతకం వ్యాజస్తుతికి మన సాహిత్యంలో మేలైన ఉదాహరణ. ఆయనదే హంసలదీవి గోపాల శతకం కూడా ఉంది. ఒక కవి తన సీమకు ఎగువనున్న దేవుడికొకటి, చిట్టచివరనున్న దేవుడికొకటి శతకం చెప్పటం యాదృచ్ఛికం కావచ్చు. అయినా దివిసీమ పొడవును కొలవటానికి అంతకంటే మంచి కొలబద్ద నాకు దొరకలేదు. 20వ శతాబ్దిలో తాళపత్ర గ్రంథాలనూ చాటువులనూ సేకరించి పరిష్కరించిన వేటూరి ప్రభాకరశాస్త్రి పెదకళ్లేపల్లివారే.

సముద్రం వైపు వాకిలిగా దివికున్న విలువ 18వ శతాబ్దిలో మరొకసారి బయటపడింది. 1717లో మొఘల్ చక్రవర్తి ఫరూఖ్‌సియర్ ఈస్టిండియా కంపెనీకి ఇచ్చిన ఫర్మానాల్లో మచిలీపట్నం పక్కనున్న దివి ద్వీపం కూడా ఉంది. శతాబ్ది మధ్యలో దక్కను వారసత్వ తగాదాల్లో ఫ్రెంచివారు మచిలీపట్నంతోపాటు దివిని కూడా సంపాదించారు. ఇంగ్లీషు, ఫ్రెంచి కంపెనీల మధ్య సంధి సంప్రదింపులు జరిగినప్పుడు ఈ లంకల పేరు కూడా చర్చకు వచ్చింది. ఐరోపా రాజ్యాలు కాగితాల మీద బేరమాడుకున్న ఆ నేల మీద అప్పుడు ఎవరు ఏం పండించుకుంటున్నారో ఆ కాగితాలు చెప్పవు. వారికి కావలసింది నేల కాదు, రేవును కాచే చోటు.

4. కాలువ రాక, శివారు పుట్టుక

బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట నిర్మాణం 1852లో మొదలై 1855లో పూర్తయింది. అంతకు ముందు డెల్టా సేద్యం వానకూ వరదకూ లోబడి ఉండేది. ఆనకట్టతో నీరు ఒక తల నుంచి బయలుదేరి కాలువల్లో, పిల్లకాలువల్లో, బోదెల్లో పంపకమవటం మొదలైంది. తల ఉన్న చోట తోక కూడా ఉంటుంది. మన వ్యవసాయ పరిభాషలో ఎగువ, దిగువ అనేవి పాత మాటలే అయినా, కాలువ పారకంలో 'శివారు' అనే మాటకు ఈనాడున్న బరువు ఈ వ్యవస్థ నుంచి వచ్చింది. పూర్వం దివి ఊరికి ఎంత దూరంలో ఉన్నదీ సముద్రం నుంచి లెక్కించేవారనుకుంటే, ఇప్పుడు ఆనకట్ట నుంచి లెక్కించవలసివచ్చింది. ఆ లెక్కలో మొదటిది చివరిదైంది.

పైగా దివి ద్వీపం కావటం వల్ల కాలువ నీరు వెంటనే అందలేదు. నడుమ నదీపాయ ఉంది. 20వ శతాబ్ది మొదటి దశకంలో ఆయిల్ ఇంజన్లు పెట్టి కృష్ణ నీటిని ద్వీపంలోకి తోడిపోసే పథకాన్ని ప్రభుత్వం చేపట్టింది. ఎద్దులూ కపిలలూ ఏతాలూ తప్ప వేరే ఎరగని రోజుల్లో యంత్రాలతో వేల ఎకరాలకు నీరు తోడటం దేశంలోనే విశేషంగా చెప్పుకున్నారు. తరువాత పులిగడ్డ దగ్గర పాయ మీదుగా అక్విడక్టు కట్టి, కృష్ణా తూర్పుగట్టు కాలువ నీటిని ఆవలికి దాటించారు. కింద నది, పైన కాలువ. నదిలోని నీరు సముద్రపు పోటుకు ఉప్పగా ఉన్నప్పుడు కూడా పైన తీపినీరు పారుతుంది. దివిసీమ సేద్యం ఆ రెండు నీళ్ల మధ్య దూరం మీద నిలబడింది.

శివారు కావటమంటే ఏమిటో బయటివారికి కొంత వివరించాలి. ప్రధానకాలువకు నీరు వదిలిన రోజుకూ చివరి పొలానికి తడి అందిన రోజుకూ మధ్య రెండు మూడు వారాలు పట్టవచ్చు. ఎగువన నాట్లు పూర్తయ్యేసరికి ఇక్కడ నారుమడి తడవదు. నీరు తక్కువైన ఏడు వంతులవారీ విధానం పెడతారు. వంతు వచ్చిన రోజుల్లో కూడా ఎగువ తూములు పూర్తిగా మూతపడకపోతే, బోదెలో పూడిక ఉంటే, వంతు రోజులు నీరు చేరకుండానే గడిచిపోతాయి. రాత్రిపూట గట్ల మీద కాపలా, లస్కరుతో వాదన, అధికారుల దగ్గరికి గుంపుగా వెళ్లటం శివారు రైతు పంచాంగంలో తిథుల వంటివి. నాటు ఆలస్యమైతే కోత ఆలస్యమవుతుంది, కోత ఆలస్యమైతే నవంబరు, డిసెంబరు తుఫాన్లకు పంట దొరుకుతుంది. నీరు చాలని కష్టమూ, నీరు మించిన కష్టమూ ఒకే పొలంలో ఒకే ఏడు రావటానికి కారణం ఇదే. పైనున్న ఊళ్ల మురుగు కూడా డ్రైన్ల గుండా ఇటే దిగుతుంది. ఆ డ్రైన్లలో గుర్రపుడెక్క పేరుకుంటే వాననీరు వెనక్కి తన్నుతుంది, సముద్రముఖాన స్లూయిస్ తలుపులు పాడైతే ఉప్పునీరు లోపలికి ఎక్కుతుంది.

కాలువ వచ్చిన చోట నేల విలువ పెరిగింది. ఆ నేల ఎవరిదన్న ప్రశ్న అప్పుడే పదునెక్కింది. దివి తాలూకాలో అధికభాగం దేవరకోట, అంటే చల్లపల్లి జమీందారీ కింద ఉండేది. యార్లగడ్డవారి ఈ జమీందారీ మీద సాగిన రైతుకూలీ పోరాటాలు కోస్తా కమ్యూనిస్టు ఉద్యమ చరిత్రలో ముఖ్యఘట్టాలు. 1964 నుంచి 1990 వరకు భారత కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శిగా ఉన్న చండ్ర రాజేశ్వరరావు స్వగ్రామం మంగళాపురం ఈ సీమలోదే. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారీని రద్దుచేసింది. అయితే లంకభూములు, బంజర్లు, సముద్రతీరపు చవుడునేలల మీద హక్కు ఎవరిదన్న తగాదా దానితో ముగియలేదు. లంకల్లో ఆ తగాదాకు ఒక ప్రత్యేకత ఉంది. నది ఒకచోట కోసిన నేలను మరొకచోట వేస్తుంది, సర్వేరాయి మాత్రం కదలదు. పట్టా ఉన్నవాడికి నేల ఉండదు, నేల మీద ఉన్నవాడికి పట్టా ఉండదు.

5. ఉప్పెన

తుఫాను, ఉప్పెన పర్యాయపదాలు కావు. తుఫాను గాలీ వానా. ఉప్పెన సముద్రమే లేచి నేల మీదికి రావటం. 1864 నవంబరు 1 రాత్రి మచిలీపట్నం మీద పడిన ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయారు. దివి ఆ పట్నానికి ఆనుకునే ఉన్నా, చరిత్రలో ఆ విపత్తు బందరు పేరుతోనే నిలిచింది. రేవు, కోట, ఐరోపావారి సమాధులు ఉన్న చోట నమోదు జరిగింది.

1977 నవంబరు 19, శనివారం నాటిది దివిసీమ పేరుతో నిలిచింది. తుఫాను కేంద్రం తీరం దాటింది గుంటూరు జిల్లా వైపు, నిజాంపట్నం ప్రాంతంలో. అయినా అధికనష్టం దివిలో జరగటానికి కారణముంది. మన అర్ధగోళంలో తుఫాను గాలులు అపసవ్యదిశలో తిరుగుతాయి. కేంద్రం పశ్చిమంగా కదులుతున్నప్పుడు దాని కుడివైపున, అంటే ఉత్తరాన, గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది. దివి సరిగ్గా ఆ కుడిచేతి కింద ఉంది. తీరం దగ్గర సముద్రం లోతు తక్కువ, నేల బల్లపరుపు, నదీముఖాలు తెరిచిన దారులు. సుమారు 5 మీటర్ల ఎత్తున లేచిన నీరు 10 కిలోమీటర్లకు పైగా లోపలికి వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వంటి ఊళ్లు అలకు ఎదురుగా ఉన్నాయి. మృతులు అధికారిక లెక్క ప్రకారమే రాష్ట్రం మొత్తం మీద 10,000కు దగ్గర, అందులో అత్యధికులు దివి తాలూకావారు. సార్వా పంట కోతకు వచ్చిన కాలమది. గుడిసెల్లో ఉన్న కూలీలు, మత్స్యకారులు, యానాదులు ముందు పోయారు. బతికినవారిలో చాలామంది తాటిచెట్లనూ తుమ్మకంపలనూ పట్టుకుని బతికారు. ఆ ముళ్లమచ్చలు చూపించే వృద్ధులు ఇంకా అక్కడక్కడ ఉన్నారు.

ఇక్కడ ఒక కాలక్రమాన్ని గుర్తుచేసుకోవాలి. 1975లో హైదరాబాదులో తొలి ప్రపంచ తెలుగు మహాసభలను నిర్వహించటంలో ప్రధానపాత్ర వహించిన నాటి మంత్రి మండలి వెంకట కృష్ణారావు అవనిగడ్డ ప్రతినిధి. తెలుగు పేరు ప్రపంచమంతా వినిపించిన రెండేళ్లకే ఆయన సీమలో శవాలను సామూహికంగా దహనం చేయవలసివచ్చింది. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలెపట్టి విరాళాలు సేకరించారు. నగ్నముని 'కొయ్యగుర్రం' ఈ ఉప్పెన నేపథ్యంలో వచ్చిన దీర్ఘకవిత. విమర్శకులు దానిని ఆధునిక మహాకావ్యాల వరుసలో నిలిపారు. అది శోకగీతం కన్నా ఎక్కువగా వ్యవస్థ మీద అభియోగపత్రం. ఆ కావ్యం మీద మన విశ్వవిద్యాలయాల్లో చర్చ జరిగింది, జరుగుతోంది. కానీ ఆ రాత్రిని గురించి సొర్లగొందిలోనో పాలకాయతిప్పలోనో స్త్రీలు చెప్పుకునే మాటలను మౌఖికసాహిత్యంగా సేకరించే పని అంత శ్రద్ధగా జరిగిందని చెప్పలేం. నాటి పదేళ్ల పిల్లలకు ఇప్పుడు 60 దాటుతున్నాయి. తెలుగు శాఖల్లో పరిశోధనాంశం కోసం వెతికే విద్యార్థులు ఈ గడువును గమనించాలి.

ఉప్పెన తరువాత తుఫాను రక్షణ భవనాలు, పక్కా ఇళ్లు, తీరం వెంట సరుగుడు తోటలు వచ్చాయి. ఫలితం 1990 మే నెలలో తెలిసింది. అదే కృష్ణాముఖం దగ్గర తీవ్రమైన తుఫాను తీరం దాటింది. ముందుగానే లక్షమందికి పైగా జనాన్ని తరలించినందువల్ల రాష్ట్రం మొత్తం మీద మృతులు వెయ్యికి లోపే. వెయ్యి చిన్న సంఖ్య కాదు. అయినా రెండు సంఖ్యల మధ్య తేడా గాలిలో లేదు, హెచ్చరికలో ఉంది. మరొక రక్షణ మనిషి కట్టింది కాదు. కృష్ణా అభయారణ్యంలో భాగమైన మడ అడవులు అల వేగాన్ని తమ వేళ్లతో విరుస్తాయి, బావురుపిల్లులకూ చేపపిల్లలకూ నెలవిస్తాయి. మడ దట్టంగా ఉన్న ఊళ్లలో ఉప్పెన దెబ్బ కొంత తగ్గిందని ఇక్కడి మత్స్యకారులు చెప్పే మాటకు శాస్త్రసమ్మతి ఉంది.

6. నేటి జీవనం

ఈనాటి దివిసీమలో రెండు రకాల చెరువులున్నాయి. ఒకటి ఊరి మంచినీటి చెరువు. భూగర్భజలం ఉప్పన కావటం వల్ల చాలా గ్రామాలకు ఇదే ఆధారం. వేసవిలో దీన్ని నింపటం కోసం కాలువకు ప్రత్యేకంగా నీరు వదులుతారు. రెండవది రొయ్యల చెరువు. ఇప్పుడు ఎవరైనా "చెరువు ఎలా ఉంది?" అని అడిగితే రెండవదాన్ని గురించే అని అర్థం. ఒక తరంలో ఒక మాట అర్థం ఇంతగా మారటం భాషాశాస్త్ర విద్యార్థికి ఆసక్తికరం, మంచినీటి చెరువు గట్టు మీద బిందెతో నిలబడిన మనిషికి కాదు.

రొయ్యల సాగు 1990ల మొదట్లో టైగర్ రొయ్యతో పెరిగింది. ఆ దశకం మధ్యలో తెల్లమచ్చ తెగులు చెరువులను ఖాళీచేసింది. 1996 డిసెంబరులో తీరప్రాంత రొయ్యల సాగు మీద సుప్రీంకోర్టు కఠినమైన తీర్పునిచ్చింది. 2009లో వనామీ రకానికి అనుమతి లభించాక రెండవ విజృంభణ మొదలైంది. సీడు, మేత, ఏరేటర్లు, కరెంటు బిల్లు, లీజు, కౌంటు అనేవి ఇప్పటి పదజాలం. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు, ఆ అంకె మీద ధర. ఒక ఎకరం వరి మిగిల్చేదానికి ఎన్నోరెట్లు ఒక పంటలో రావచ్చు, ఒక రాత్రి ఆక్సిజన్ పడిపోతే అంతా పోవచ్చు. శివారు రైతు చెరువు వైపు మళ్లటాన్ని అత్యాశగా చిత్రించటం తేలిక. నీరు ఆలస్యంగా వచ్చే పొలాన్ని, మురుగు వదలని పొలాన్ని లీజుకిచ్చి స్థిరమైన కౌలు తీసుకోవటం అతని లెక్కలో వివేకం. సమస్య పక్క పొలానిది. చెరువులోని ఉప్పు గట్టు దాటి ఊటగా దిగితే ఆ వరిచేను ఎర్రబారుతుంది. ఆ రైతు కూడా లీజుకిస్తాడు. ఇలా ఒక్కొక్క మడీ కాలువను వదిలి సముద్రం వైపు తిరుగుతోంది. కూలీ మాత్రం తగ్గుతుంది. నాట్లకూ కోతలకూ కావలసినన్ని చేతులు చెరువుకు అక్కరలేదు. ఆ చేతులు హైదరాబాదుకో, విజయవాడ భవననిర్మాణాలకో పోతున్నాయి.

ఒక వ్యంగ్యం కూడా ఉంది. టోలెమీ కాలంలో విదేశీ వర్తకానికి తెరుచుకున్న వాకిలి ఇప్పుడు మళ్లీ తెరుచుకుంది. 2025లో అమెరికా మన ఎగుమతుల మీద సుంకాలు పెంచగానే, కోడూరు చెరువుగట్టు మీద కౌంటు ధర మారింది. గుల్లలమోద ప్రాంతాన్ని క్షిపణి పరీక్షాకేంద్రానికి ఎంపిక చేసినప్పుడు కూడా చూసింది సముద్రాన్నే.

అంతమాత్రాన వరి పోలేదు. సార్వా కోతకు ముందే నిలిచిన చేలో మినుము చల్లి, మిగిలిన తేమతోనే రెండవ పంట తీసే పద్ధతి ఈ డెల్టా రైతు నేర్పుకు గుర్తు. 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు కృష్ణా డెల్టాకు వస్తోంది. అంటే దివి చివరి మడిలో ఇప్పుడు రెండు నదులున్నాయి. ఎగువ రాష్ట్రాల ఆనకట్టలు నిండిన తరువాతే కృష్ణ కిందికి వస్తుంది కనుక, వేసవిలో పాయల్లో నది కన్నా సముద్రమే ఎక్కువ పారుతుంది. వచ్చినప్పుడు మాత్రం 2009లో, 2024లో వచ్చినట్టు 11 లక్షల క్యూసెక్కుల స్థాయిలో వస్తుంది, లంకలను ముంచుతుంది. పులిగడ్డ, పెనుమూడి మధ్య వారధి కట్టినందువల్ల రేపల్లె వైపు రాకపోకలు సులభమయ్యాయి. ఎదురుమొండి దీవుల వారికి మాత్రం నదీపాయ దాటటం ఒక తరం వెనుకటి అనుభవంగానే కొనసాగింది. ప్రసవమైనా, పరీక్షయినా, పెసరమూటయినా పంటు కోసం రేవులో ఆగవలసిందే. మండపీతల వేటతో, మడకాలువల్లో వలలతో బతికే యానాది కుటుంబాలు ఈ లెక్కలన్నిటికీ అంచున ఉన్నాయి. చెరువుల వల్ల వారి కాలువలకు దారి మూసుకుపోయిన చోట్లు ఉన్నాయి. వారికి పోగొట్టుకోవటానికి పట్టా లేదు కనుక, ఫిర్యాదుకు కాగితం కూడా లేదు.

మాఘపూర్ణిమకు హంసలదీవి సాగరసంగమంలో స్నానానికి జనం వేలుగా వస్తారు. నేను వెళ్లిన ఏడు తిరిగివస్తూ కోడూరు దాటాక ఒక బోదె దగ్గర ఆగాను. దాళ్వా ఊడ్చిన రైతు ఒకాయన తూము తలుపు ఎత్తబోతూ, వంగి దోసిట్లో నీరు తీసుకుని నోట్లో పోసుకున్నాడు. పుక్కిలించి ఉమ్మాడు. దాహం కాబోలనుకున్నాను. "కాదమ్మా, పోటు రోజులు గదా, డ్రైను నీళ్లు కలిశాయేమోనని" అన్నాడు. మరొకసారి దోసిలి ముంచి చూసి, తలుపు ఎత్తకుండానే గట్టు మీద కూర్చున్నాడు.